భిక్ష వద్దు, బకాయి కావాలె!

చొప్పదండి మండలంలో ఒక మాదిగవాడ. అందులో ఎదురుబొదురు రెండు ఇండ్లు. మొదటి ఇంటి కొడుకు 2024 డిసెంబర్‌లో ఔట్‌పాసు పట్టుకొని దుబాయి నుంచి ఇల్లు చేరాడు. చేతిలో ఒక సంచి, నెత్తి మీద లక్షన్నర బాకి. రెండో ఇంటి కొడుకు రానే లేదు. డిసెంబర్ 31తో అక్కడి సర్కారు పెట్టిన గడువు ముగిసింది. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. పోలీసు కంట పడకుండా, దొరికిన నాడు కూలి, దొరకని నాడు పస్తు.

సంక్రాంతి ముందర మేము ఆ వాడకు పోయినప్పుడు మొదటి ఇంటి తల్లి ఒక మాట అడిగింది. "కొడుకా, దుబాయి సర్కారు మావోళ్లకు క్షమాభిక్ష పెట్టిందని పేపర్ల రాసిన్రట గదా. నా బిడ్డ ఏం తప్పు జేసిండని క్షమించిన్రు? తొమ్మిది నెలల జీతం ఎగ్గొట్టినోన్ని ఎవడు క్షమించిండు?"

ఆ తల్లి బడి మొఖం చూడలేదు. అయినా పత్రికలు అడగని ప్రశ్న, అసెంబ్లీ అడగని ప్రశ్న ఆమె అడిగింది.

రెండో ఇంటి తల్లి ప్రశ్న వేరు. "గడువు ఒడిసిపాయె. ఇగ నా కొడుకు ఇల్లు జేరె తొవ్వ లేనట్టేనా?"

ఈ ఇద్దరు తల్లులకు మా జవాబే ఈ వ్యాసం. వాడవాడలో చదవండి. చదవరానివాళ్లకు చదివి వినిపించండి.

క్షమాభిక్ష ఎవరికి, ఎందుకు?

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఉత్తర తెలంగాణ పేదోని బతుకుకు ఈ మూడు బాయిలే దిక్కని మన పెద్దలు ఊరికే అనలేదు. మనకు భూమి లేదు. ఉన్న కుంటెడు చెలక అన్నదమ్ముల పంపకాలకే సరిపోదు. కాకతీయ కాలువ మన పక్క నుంచే పోతుంది, కాని కాలువ నీళ్లు పారేది భూమి ఉన్నవాని పొలానికే. అందుకే మన పిల్లలు 1970ల చివరి నుంచి గల్ఫుకు పోతున్నారు. మనం అన్ని దేశాలనూ కలిపి దుబాయి అంటాం. సౌదీ అయినా, కువైట్ అయినా, ఖతర్ అయినా, మస్కట్ అయినా మనకు దుబాయే.

అక్కడి పద్ధతి పేరు కఫాలా. వీసా ఇచ్చిన యజమాని కఫీల్. మనిషి ఆ దేశంలో ఉండే హక్కు ఆ కఫీల్ చేతిలో ఉంటుంది. జీతం ఇయ్యకపోయినా, కొట్టినా, చెప్పిన పని ఒకటి చేయించేది ఒకటి అయినా, గడప దాటి బయటికి వచ్చిన నాడే మనవాడు నేరస్థుడు. కఫీల్ పోయి "నా మనిషి పారిపోయిండు" అని ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు. సౌదీలో దానికి హురూబు అని పేరు. ఆ దెబ్బతో ఆకామా చెల్లదు, దవాఖానకు పోలేడు, బ్యాంకుకు పోలేడు, ఇంటికి కూడా రాలేడు. అట్లాంటి మనిషిని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఆ అరబ్బీ మాటకు "పోనీ, వదిలెయ్" అని అర్థం. నిజంగానే అందరూ వదిలేసిన మనిషి అతను. కఫీల్ వదిలేశాడు, ఏజెంటు వదిలేశాడు, మన సర్కారు వదిలేసింది.

ఇట్లాంటివాళ్లు వేలల్లో పోగైనప్పుడు అక్కడి ప్రభుత్వాలు కొన్నాళ్లు తలుపు తెరుస్తాయి. జరిమానా లేకుండా వెళ్లిపోండి, లేదా కొత్త యజమానిని చూసుకొని కాగితాలు సరిచేసుకోండి అంటాయి. దీన్నే ఆమ్నెస్టీ అంటారు, మన పత్రికలు క్షమాభిక్ష అని రాస్తాయి. యూఏఈలో 1996లో ఇచ్చారు, 2003లో ఇచ్చారు, 2007లో ఇచ్చారు, 2012 డిసెంబర్ నుంచి 2013 ఫిబ్రవరి దాకా ఇచ్చారు, 2018లో ఇచ్చారు. చివరిది 2024 సెప్టెంబర్ 1న మొదలై, అక్టోబర్ 31కి అయిపోవలసింది పొడిగింపుతో డిసెంబర్ 31 దాకా నడిచింది. సౌదీలో నితాఖాత్ వచ్చినప్పుడు 2013లో నవంబర్ 3 దాకా గడువు ఇచ్చారు, 2017లో మళ్లీ ఇచ్చారు. కువైట్‌లో 2018లో, కరోనా కాలాన 2020 ఏప్రిల్‌లో, మళ్లీ 2024 మార్చి నుంచి జూన్ దాకా ఇచ్చారు. ఖతర్‌లో 2016లో ఇచ్చారు.

ఇన్నిసార్లు ఎందుకు ఇయ్యవలసి వచ్చింది? మనవాళ్లు అన్నిసార్లు తప్పు చేశారా? కాదు. ఖల్లివెల్లి మనిషిని తయారుచేసే మిషను నడుస్తూనే ఉంది. నాలుగైదేండ్లకొకసారి గోదాము ఖాళీ చేస్తారు. మిషను మాత్రం ఆపరు. గోదాము ఖాళీ చేసినందుకు మనం దండం పెట్టాలట!

ఇంకొక సంగతి చూడండి. ఆ గడువులో జరిమానా మాఫీ అయింది. రాకుండా పెట్టే నిషేధం మాఫీ అయింది. మంచిదే, కాదనం. వేలమంది ఇల్లు చేరారు, పిల్లల మొఖం చూసుకున్నారు. కాని తొమ్మిది నెలల జీతం సంగతి ఏమైంది? అది ఎవరూ అడగలేదు. విమానం ఎక్కే ఆత్రంలో మనవాడూ అడగలేదు. మాఫీ అయింది కూలోని జరిమానా ఒక్కటే కాదు, కఫీల్ బాకి కూడా మాఫీ అయింది. మొదటి ఇంటి తల్లి పట్టుకున్నది ఈ సంగతినే.

గడువు హక్కు కాదు

ఇది గల్ఫు ముచ్చటే అనుకోవద్దు. అమెరికాలో 1990లో ఒక చట్టం చేశారు. స్వదేశంలో యుద్ధమో, భూకంపమో, అల్లకల్లోలమో ఉన్నవాళ్లను కొన్నాళ్లు వెనక్కు పంపకుండా ఉంచే తాత్కాలిక రక్షణ అది. ఏడాదో, ఏడాదిన్నరో ఇచ్చి పొడిగించుకుంటూ వచ్చారు. దాని మీద నమ్మకం పెట్టుకొని మనుషులు ఇండ్లు కట్టుకున్నారు, పిల్లల్ని కన్నారు. 2025లో వెనిజులావాళ్లకు ఆ రక్షణ తీసేస్తామని కొత్త ప్రభుత్వం పూనుకుంటే అది సుప్రీంకోర్టు దాకా పోయింది. అంత పెద్ద దేశంలోనూ పేదోని చేతికి ఇచ్చింది తారీఖే.

ఐక్యరాజ్యసమితి వలస కార్మికులకూ, వాళ్ల కుటుంబాలకూ హక్కులున్నాయని 1990 డిసెంబర్ 18న ఒక ఒడంబడిక చేసింది. కాగితాలు లేని కార్మికునికి కూడా చేసిన పనికి జీతం అడిగే హక్కు ఉందని అందులో ఉంది. దాని మీద గల్ఫు రాజ్యాలు సంతకం చేయలేదు. సరే, వాళ్లు రాజులు. మరి ప్రజాస్వామ్యం, రాజ్యాంగం అని రోజూ చెప్పుకునే మన భారత ప్రభుత్వం? అది కూడా సంతకం చేయలేదు! విదేశాల నుంచి వచ్చే పైసలకు స్వాగతం, ఆ పైసలు పంపేటోని హక్కులకు మాత్రం సంతకం లేదు.

మన జిల్లాకు వెట్టి అంటే ఏమిటో చెప్పవలసిన పని లేదు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో 1978లో జనం లేచింది ఆ వెట్టి మీదనే. దొర గడి ముందర చెప్పులు చేత పట్టుకొని నిలబడ్డ తాతల మనుమలం మేము. దొర మాట లేనిది ఊరు దాటరాదు, దొర కాదంటే బతుకు లేదు. కఫీల్ మాట లేనిది కంపెనీ దాటరాదు, కఫీల్ కాదంటే ఆకామా లేదు. రెండింటికీ తేడా ఏంది? విమానం టిక్కెట్టే తేడా. ఆ టిక్కెట్టు పైసలు కూడా మనమే అప్పు తెచ్చి కట్టినం. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. దాన్ని రాసిన మహనీయుని బిడ్డలమని చెప్పుకునే మనం, సముద్రం అవతల వెట్టిని "క్షమాభిక్ష" అనే తీపి మాటతో పిలుస్తుంటే ఊకుందామా?

గడువు ఒడిసినా తొవ్వ ఉంది

ఇప్పుడు రెండో ఇంటి తల్లికి జవాబు. అవ్వా, తొవ్వ ఉన్నది. ఇరుకు తొవ్వ, ముండ్ల తొవ్వ, అయినా ఉన్నది. ముందుగాల యూఏఈ సంగతి చెప్తాం, మనోళ్లు ఎక్కువ అడిగేది దాని గురించే.

ఒకటి. దాక్కుంటే నయం కాదు. గడువు దాటి ఉన్న ప్రతి రోజుకూ 50 దిర్హముల జరిమానా పడుతుంది. ఏడాదికి 18,250 దిర్హములు. రూపాయల్లో నాలుగు లక్షల పైమాట. నెలకు వెయ్యి దిర్హముల కూలి అనుకుంటే 18 నెలల కష్టం. "మళ్లొకసారి క్షమాభిక్ష వస్తది, అప్పుడు పోదాం" అని కూర్చుంటే, అది ఎప్పుడొస్తదో ఎవరికీ తెలియదు.

రెండు. ముందు తన మీద ఏమున్నదో తెలుసుకోవాలి. వీసా గడువు దాటిందా? పారిపోయాడని యజమాని ఫిర్యాదు ఇచ్చాడా? పోలీసు కేసు ఉందా? బ్యాంకు అప్పు, చెక్కు కేసు ఉందా? ఈ నాలుగూ నాలుగు జబ్బులు, నాలుగింటికీ వేరు వేరు మందులు. వీసా గడువు మాత్రమే అయితే జరిమానా కట్టి, లేదా తగ్గించమని దరఖాస్తు పెట్టుకొని బయటపడే వీలుంది. తగ్గిస్తారన్న పూచీ లేదు, అయినా అడగకుండా ఎవరూ ఇయ్యరు. కేసు ఉంటే మాత్రం అది తేలనిదే విమానం ఎక్కనియ్యరు. క్షమాభిక్ష నడిచిన రోజుల్లో కూడా కేసులున్నవాళ్లకు అంతే.

మూడు. పాస్‌పోర్టు యజమాని దగ్గరుందని భయపడవద్దు. కార్మికుని పాస్‌పోర్టు గుంజుకోరాదని యూఏఈ 2021 కార్మిక చట్టమే చెప్తున్నది. అది దొరక్కపోతే మన దౌత్య కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనం ఔట్‌పాసు అనేది దాన్నే. ఒక్కసారి ఇంటికి రావడానికే అది పనికొస్తుంది. కాని తను భారతీయుడని రుజువు కావాలి. అందుకే ఇంటివాళ్లు చేయవలసిన పని: పాస్‌పోర్టు జిరాక్సు, వీసా జిరాక్సు, ఆధార్, ఓటరు కార్డు సందుగలో భద్రంగా పెట్టాలి. పోకముందే జిరాక్సులు తీయించని ఇల్లు మా అనుభవంలో సగానికి సగం.

నాలుగు. జీతం విడిచిపెట్టవద్దు. యూఏఈలో పని ముగిసిన నాటి నుంచి రెండేండ్ల లోపల జీతం దావా వేయవచ్చు. 2024కు ముందు ఇది ఏడాదే ఉండేది. ముందు అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు ఇయ్యాలి. 50,000 దిర్హముల లోపు తగాదా అయితే ఆ శాఖే తీర్పు చెప్పవచ్చు. లక్ష దిర్హముల లోపు దావాకు కార్మికుడు కోర్టు రుసుం కట్టనవసరం లేదు. విజిట్ వీసా మీద పని చేసినవాళ్లు "మేమే తప్పు చేసినం, మాకు నోరెక్కడిది" అనుకుంటారు. పర్మిట్ లేకుండా మనిషిని పనికి పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హముల దాకా జరిమానా అని 2024లోనే అక్కడ చట్టం సవరించారు. మరి ఎవరు ఎవరిని చూసి భయపడాలె?

అయిదు. వచ్చే ముందు వకాల్తా రాయాలి. తను ఇంటికి వచ్చేసినా కేసు నడవాలంటే అక్కడ నమ్మకమైన మనిషి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి మన దౌత్య కార్యాలయంలో ధ్రువీకరణ చేయించాలి. ఈ ఒక్క కాగితం లేక మన జిల్లావాళ్ల జీతాలు, గ్రాట్యుటీలు సముద్రంలో కలిసిపోతున్నాయి.

ఆరు. అరబ్బీలో ఉన్న కాగితం మీద తెలియకుండా వేలిముద్ర వేయవద్దు. "నాకు రావలసినదంతా ముట్టింది" అని అందులో రాసి ఉండవచ్చు. చదివి చెప్పేవాళ్లు దొరికేదాకా ఆగాలి.

ఏడు. పారిపోయాడన్న ఫిర్యాదు అబద్ధమైతే దాన్ని కొట్టేయించుకోవచ్చు. జీతం ఇయ్యలేదని ముందుగా ఫిర్యాదు ఇచ్చినవాని మాటకు అప్పుడు బలం ఉంటుంది. కాబట్టి గేటు దాటకముందే ఫిర్యాదు ఇయ్యాలి. ముందు పారిపోయి తర్వాత ఫిర్యాదు కాదు. జీతం పడిన బ్యాంకు చిట్టీలు, ఫోనుకు వచ్చిన సందేశాలు, క్యాంపు గది ఫోటోలు, తోటి పనివాళ్ల పేర్లు దాచుకోవాలి. కోర్టుకు కన్నీళ్లు కనబడవు, కాగితాలు కనబడతాయి.

ఎనిమిది. డబ్బు లేనివానికి మన దౌత్య కార్యాలయాల్లో సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టారు. టిక్కెట్టుకు, వకీలుకు, చిన్న చిన్న జరిమానాలకు, శవం పంపడానికి దాని నుంచి ఖర్చు పెట్టవచ్చు. అడగడానికి సిగ్గుపడవద్దు. కాన్సులర్ సేవలకు పోయిన ప్రతి కూలోని దగ్గర వసూలు చేసిన రుసుమే ఆ నిధి. అది సర్కారు దానం కాదు, మన పైసలు.

సౌదీ, కువైట్, ఖతర్ చట్టాలు వేరు. ఒక దేశపు సలహా ఇంకో దేశంలో చెల్లదు. ఖతర్‌లో 2020 నుంచి యజమాని ఒప్పుకోలు లేకుండానే కొలువు మారవచ్చు. సౌదీలో 2021 మార్చి నుంచి కొన్ని షరతుల మీద మారవచ్చు, కాని ఇండ్లలో పనిచేసేవాళ్లను, డ్రైవర్లను, గొర్ల కాపర్లను ఆ సంస్కరణ నుంచి విడిచిపెట్టారు. చూడండి, అందరికన్నా ఎక్కువ గోస పడేవాళ్లనే విడిచిపెట్టారు! ఎడారిలో గొర్లు కాసేది ఎవరు? ఎక్కువమంది మన వాడల పిల్లలే.

దొంగ ఇక్కడ కూడా ఉన్నాడు

కఫీల్ను తిట్టి ఊకుంటే సగం దొంగను విడిచిపెట్టినట్టే. మిగతా సగం మన ఊర్లోనే మోటారు సైకిలు మీద తిరుగుతున్నాడు. వానికి లైసెన్సు లేదు. ఊర్లో పరపతి ఉంది, నాయకుల పక్కన ఫోటో ఉంది. మన కులపోడే ఉంటాడు కొన్నిసార్లు, పెద్ద ఏజెంటుకు తోక లెక్క. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద పన్ను కలిపి 35,400 మించి తీసుకోరాదు. మన దగ్గర గుంజేది లక్ష, లక్షన్నర. నూటికి మూడు రూపాల మిత్తి లెక్కన లక్షన్నరకు నెలకు 4,500, ఏడాదికి 54,000. మనవాడు అక్కడ ఎండలో సంపాదించేది ముందు ఆ మిత్తికే.

ఈ దొంగ మీద కూడా చట్టాలున్నాయి, వాడుకునేటోళ్లే లేరు.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశాలకు పంపడం నేరం. రెండేండ్ల దాకా జైలు. కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలని చెప్పి ఠాణాల్లో మనల్ని తిప్పి పంపుతారు. ఇక్కడే జాగ్రత్తగా వినండి. అదే చట్టం 27వ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. మోసపోయిన మనిషి తానే ఫిర్యాదు ఇస్తే అనుమతి అవసరం లేదు. అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇచ్చినా అవసరం లేదు. కొడుకు అక్కడ చిక్కుకున్నా తల్లి ఇక్కడ కేసు పెట్టవచ్చు! రెండో ఇంటి తల్లీ, ఆ హక్కు నీ చేతిలో ఉంది.

దానితో పాటు మోసం కేసు. 2024 జూలై 1కి ముందు జరిగిన మోసమైతే పాత శిక్షాస్మృతి 420 సెక్షను, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత 318. ఠాణాలో తీసుకోకపోతే ఆ ఫిర్యాదునే పోస్టులో పై అధికారికి పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. మా అనుభవం చెప్తాం. ఒక ఠాణాలో మమ్మల్ని మూడుసార్లు తిప్పారు. "పోయినోడు వస్తె జూద్దాం" అన్నారు. నాలుగోసారి చట్టం పుస్తకం తెరిచి 27వ సెక్షను చదివి వినిపించాం. ఆ రోజు రసీదు ఇచ్చారు. రసీదు లేని ఫిర్యాదు గాలికి చెప్పినట్టే.

మన నియోజకవర్గానికి ఇంకో చిక్కు ఉంది. 2016లో జిల్లాలు పగిలినప్పుడు చొప్పదండి నియోజకవర్గం మూడు జిల్లాల పాలైంది. చొప్పదండి, గంగాధర, రామడుగు కరీంనగర్‌లో, మల్యాల, కొడిమ్యాల జగిత్యాలలో, బోయినిపల్లి సిరిసిల్లలో. అవతలి మండలం ఏజెంటు మీద ఫిర్యాదు అంటే "మా హద్దు కాదు" అంటారు. హద్దు ఏదైనా ఫిర్యాదు రాసుకొని, సంబంధిత ఠాణాకు పంపవలసిన బాధ్యత వాళ్లదే. జీరో ఎఫ్‌ఐఆర్ అంటే అదే. ఈ మాట గట్టిగా అనండి.

వకీలు పైసలు లేవా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవల సంస్థ ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెప్తారు. కులం సర్టిఫికెట్ తీసుకొని పోండి. ఎన్నికల నాడు ఓట్లు అడగడానికి మన కులం గుర్తుకు వస్తుంది కదా, వకీలు కోసం మనం గుర్తు చేద్దాం.

అప్పు ఇచ్చినవాడు గల్లా పట్టుకుంటే ఒక మాట అడగండి: "నీకు లైసెన్సు ఉన్నదా?" తెలంగాణలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్నది నిజాం కాలం నాటి 1349 ఫస్లీ చట్టం.

శవపేటిక వచ్చిన ఇంటికి కూడా ఒక మాట. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో పోయినవానికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. విజిట్ వీసా మీద పోయినవానికి ఆ బీమా లేదు. ఏజెంటు మిగిల్చుకున్న ఆ నాలుగు పైసలకు మన ఇంటి పది లక్షలు పోతాయి. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫులో చనిపోయినవారి కుటుంబానికి అయిదు లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు చేయండి, రసీదు పట్టండి.

కాని మేము అడుగుతున్నాం: చచ్చినోనికి అయిదు లక్షలు సరే, బతికి వచ్చినోనికి ఏది? 2014లో మూడెకరాల భూమి అన్నారు. 2021లో మన జిల్లా హుజూరాబాద్‌లోనే ఇంటికి పది లక్షల దళితబంధు అని మొదలుపెట్టారు. జెండాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. గ్రామసభ నాడు ఊర్లో లేని మనిషి పేరు ఏ జాబితాలో రాశారు? పేదోడు శవమైతేనే సర్కారు కంటికి ఆనుతాడా?

తప్పు మనలో కూడా ఉంది

ఇతరుల తప్పులే చెప్తే అది ఉద్యమం కాదు. సంఘాల్లో పనిచేసే మేము ఏం చేశాం? శవం వచ్చిందంటే విమానాశ్రయానికి ఉరికాం, ఫోటో దిగాం, కలెక్టరేట్ ముందు కూర్చున్నాం. మనిషి పోయే ముందు వాని ఒప్పంద కాగితం చదివామా? 2024లో గడువు నాలుగు నెలలు నడిచింది. ఆ నాలుగు నెలల్లో ఏ వాడ నుంచి ఎందరు ఖల్లివెల్లిలున్నారో మేము లెక్క రాశామా? జీతం బకాయి దరఖాస్తు పెట్టకుండా విమానం ఎక్కవద్దని ఒక్క ఫోను చేశామా? చేయలేదు. మొదటి ఇంటి కొడుకు ఉత్త చేతులతో రావడంలో మా పాపం కూడా ఉంది. ఇది ఒప్పుకోనిదే ముందుకు పోలేం.

యువకులకు కూడా ఒక మాట. లేబర్ క్యాంపు గదిలో ఒక మంచం మీద మంచం వేసుకొని రెడ్డి, గౌడ్, మాల, మాదిగ, ముస్లిం ఒకే గిన్నెలో తిన్నారు. ఊర్లో దిగంగనే ఎవని వాడకు వాడు పోయాడు. మాల, మాదిగ అని మనలో మనమే కొట్లాడుకున్నాం. అక్కడ యజమాని అందరినీ ఒక్క తీరుగ మోసం చేస్తే, ఇక్కడ మనం విడివిడిగా ఏడుస్తున్నాం. ఏజెంటుకు కావలసింది అదే.

మేము అడిగేవి

కేంద్రం 1983 చట్టాన్ని మారుస్తామని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఒక ముసాయిదా బయటపెట్టింది. రెండూ చట్టం కాలేదు. మాకు కావలసినది ముసాయిదా కాదు. ఏ దేశంలో గడువు ప్రకటించినా, మన దౌత్య కార్యాలయంలో ఔట్‌పాసు కిటికీ పక్కనే జీతం బకాయి కిటికీ ఉండాలి. ఎవరికి ఎంత రావాలో రాసుకోనిదే ఎవరినీ విమానం ఎక్కించరాదు. 1990 ఒడంబడిక మీద భారతదేశం సంతకం చేయాలి. మన మాట నెగ్గదని ఎవరన్నా అంటే 2020ని గుర్తు చేయండి. గల్ఫు కార్మికుల కనీస వేతనాన్ని కేంద్రమే సర్క్యులర్లు ఇచ్చి తగ్గించింది. కార్మిక సంఘాలు లేచాయి, హైకోర్టుకు పోయాయి. 2021 జూలైలో ఆ తగ్గింపును వెనక్కు తీసుకున్నారు. కొట్లాడితే దిగివస్తారు.

రాష్ట్రం విషయానికి వస్తే, తిరిగి వచ్చిన దళిత కార్మికునికి ఎస్సీ కార్పొరేషన్ రుణాల్లో మొదటి వరుస ఇవ్వాలి. ప్రతి మండలంలో పోయినోళ్ల జాబితా, పంపిన ఏజెంటు పేరు రాసే పుస్తకం పెట్టాలి. ఆ పుస్తకం ఊరందరికీ కనబడాలి.

అది పెట్టేదాకా మనమే పెడదాం. ప్రతి వాడలో అంబేద్కర్ విగ్రహం కాడ ఒక పుస్తకం. అందులో పేరు, దేశం, కంపెనీ, ఏజెంటు, కట్టిన పైసలు, రావలసిన జీతం. చదువుకున్న ఒక్క ఆడబిడ్డ, ఒక్క మొగపిల్లగాడు ఆదివారం గంటసేపు కూర్చుంటే చాలు. సోమవారం ప్రజావాణికి ఆ పుస్తకం పట్టుకొని పోదాం. ఒక్కొక్కరం పోతే విన్నపం అంటారు, వాడ వాడ పోతే లెక్క అడిగినట్టు అవుతుంది.

రెండో ఇంటి తల్లి తరఫున ఫిర్యాదు కాగితం రాసి ఇచ్చాం. కొడుకు పాస్‌పోర్టు జిరాక్సు అతను చదివిన బడిలో దాచిన దరఖాస్తుతో దొరికింది. అది దుబాయికి పంపాం. ఏమవుతుందో ముందు సంచికల్లో రాస్తాం. మొదటి ఇంటి కొడుకు తొమ్మిది నెలల జీతానికి రెండేండ్ల గడువు ఇంకా ముగియలేదు. అక్కడి తోటి కార్మికుని పేర వకాల్తా తయారవుతున్నది.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇదే మా జవాబు: అవ్వా, నీ కొడుకు ఏ తప్పూ చేయలేదు. వానికి ఎవరి క్షమా అవసరం లేదు. వానికి రావలసింది భిక్ష కాదు, బకాయి. బకాయి అడిగేటోడు చెయ్యి చాపడు, లెక్క చూపుతడు.

జై భీమ్!